ప్రయోజనం ఎవరికి?

నా చిన్నతనంలో వినుకొండలో ఏ కొత్త వస్తువు ఇంటికి తెచ్చినా పెద్దవాళ్లు అడిగే మొదటిమాట ఒకటే: "ఇది దేనికి పనికొస్తుంది?" బాగుందని తెచ్చామంటే, "అందం కొరుక్కుతింటామా?" అనేవారు. వానను నమ్ముకుని బతికిన మెట్టప్రాంతంలో ఆ మాట మోటుదనం కాదు, అనుభవం.

ఈ మధ్య ఆ ఊళ్లోనే ఒక విద్యార్థి నన్ను నిలదీశాడు: "మాస్టారూ, తెలుగు ఎం.ఏ. చదువుతానంటే మా ఇంట్లో ప్రయోజనమేమిటంటున్నారు. సాహిత్యానికి ప్రయోజనముండాలని మీ అభ్యుదయవాదులూ అంటారు. ఇద్దరూ అనేది ఒకటేనా?"

మాట ఒకటే, అర్థం ఒకటి కాదు. ఆ తేడా మనం తేల్చి చెప్పకపోవటం వల్ల మన విమర్శకు నష్టం జరిగింది.

ప్రయోజనమనే మాట మనం కనిపెట్టింది కాదు. 11వ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు మమ్మటుడు కావ్యానికి ఆరు ప్రయోజనాలు చెప్పాడు: కీర్తి, ధనం, లోకవ్యవహార జ్ఞానం, అమంగళ నివారణ, తక్షణ పరమానందం, ప్రియురాలి మాటవంటి ఉపదేశం. ఆనందాన్ని ఆయన ప్రయోజనానికి ఎదురు నిలబెట్టలేదు, ప్రయోజనాలలోనే చేర్చాడు. అయితే ఆయన అడగని ప్రశ్న ఒకటున్నది: ఈ ఆరూ ఎవరికి? కీర్తీ ధనమూ కవికి, ఆనందం సహృదయుడికి. ఆ సహృదయుల సభలో పొలం దున్నేవాడికి చోటు లేదు.

ఇంగ్లండులో బెంథాం ప్రయోజనాన్ని నీతికే కొలబద్ద చేశాడు. ఎక్కువమందికి ఎక్కువ సుఖం కలిగించేదే మంచి అన్నాడు. ఆయన 1832లో చనిపోయాడు. ఆయన శిష్యుడు జేమ్స్ మిల్ అప్పుడు లండనులో ఈస్టిండియా కంపెనీ కార్యాలయంలో ఉన్నతోద్యోగి. ఆ 1832-33లోనే డొక్కల కరువు గుంటూరు జిల్లాను తుడిచిపెట్టింది. లక్షకు పైగా జనం చచ్చిపోయారు. కరువుకు ఆ సిద్ధాంతమే కారణమని నేననటం లేదు. ఆ సుఖాల లెక్కలో గుంటూరు రైతు ఏ పద్దు కింద పడ్డాడని మాత్రం అడుగుతున్నాను. కంపెనీ ఎరిగిన ప్రయోజనం భూమి శిస్తు.

కాబట్టి ఈ మాటకు తనంతట తనకు పక్షం లేదు. ప్లెహానోవ్ 1912లో కళకూ సాంఘిక జీవితానికీ గల సంబంధాన్ని చర్చిస్తూ ఈ సంగతే చూపించాడు: కళ ఉపయోగపడాలని విప్లవకారులే కాదు, నిరంకుశ ప్రభువులూ కోరతారు.

మరి మన పక్షపు ప్రయోజనం ఎలా ఉంటుంది? మా ఊళ్లో పుట్టిన కవినే చూద్దాం. గుర్రం జాషువా 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టాడు. ఆయన 'గబ్బిలం' 1941లో, అంటే తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభ జరగటానికి రెండేళ్లు ముందు, వెలువడింది. కాళిదాసు యక్షుడికి మేఘం దొరికింది. నలుడికి హంస దొరికింది. అంటరానివాడని వెలివేసిన తంజావూరి అరుంధతీసుతుడు కాశీ విశ్వేశ్వరుడికి తన గోడు చెప్పుకోవటానికి గబ్బిలాన్ని పిలిచాడు. అందమైనది కాదు; ఇంట్లోకి వస్తే అరిష్టమంటారు. ఐనా దానినే ఎందుకు పిలిచాడు? పనికొస్తుంది కనుక. మేఘం గుడి మీదుగా పోతుంది, హంస కొలను దగ్గర ఆగుతుంది, గబ్బిలం గర్భగుడి చీకటిలో వేలాడుతుంది. మనిషికి లేని ప్రవేశం దానికున్నది.

ఈ ఎంపికలోనే కావ్య సౌందర్యమంతా ఉన్నది. గబ్బిలాన్ని తీసి హంసను పెడితే ఛందస్సు ఎలాగో సర్దుకుంటుంది, కావ్యం చస్తుంది. ఇక్కడ అందం ప్రయోజనానికి పైన పూసిన రంగు కాదు.

మన పొరపాటు కూడా ఒప్పుకోవాలి. వృత్తపద్యం జమీందారీ కాలపు పాత్ర అని మనలో కొందరు తోసిపుచ్చారు. కాని రాగం తీసి చదివిన పద్యం అక్షరం రానివాడి చెవికీ చేరుతుంది, నోటికీ వస్తుంది. అంతకు మించి, నీకు చదువు తగదన్నవాడి ఎదుట వాడు తనదనుకున్న పద్యంలోనే నిలబడి మాట్లాడటం ఒక తిరుగుబాటు. ఆ పద్యం సొగసు తగ్గితే తిరుగుబాటు బలమూ తగ్గేది. సొగసు కూడా ప్రయోజనమే.

ఆ విద్యార్థి ఇంటివారు అడిగింది తప్పు కాదు. వారికి కూడు కావాలి. చదివినవాడికి ఉద్యోగం దొరకకపోవటం మాత్రం సాహిత్యం చేసిన నేరం కాదు, ఈ వ్యవస్థ చేసిన నేరం. మనం ఇకమీదట ప్రయోజనమన్న చోటల్లా 'ఎవరికి' అన్న మాట కలిపి వాడదాం.

అతనికి 'గబ్బిలం' చదవమని నేను చెప్పనక్కరలేదు, చదివే ఉన్నాడు. ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించమన్నాను. విన్న తరువాత కూడా వారు "ఇది దేనికి పనికొస్తుంది?" అంటే, అప్పుడు మన వాదాన్ని మళ్లీ సరిచూసుకుందాం.