ఆసుపత్రి బాక్టీరియాలో యాంటీబయాటిక్ నిరోధక జన్యువులు

యాంటీబయాటిక్ మందును తట్టుకుని బతికే శక్తిని బాక్టీరియాకు ఇచ్చే జన్యువులను యాంటీబయాటిక్ నిరోధక జన్యువులు అంటారు. ఇవి మనిషి మందులు కనిపెట్టాక పుట్టినవి కావు. మట్టిలోని సూక్ష్మజీవులు ఒకదానిమీద ఒకటి ప్రయోగించుకునే రసాయనాలే చాలా యాంటీబయాటిక్‌లకు మూలం. వాటికి విరుగుడు కూడా ఆ మట్టిలోనే పుట్టింది. కెనడాలోని యూకాన్ ప్రాంతంలో 30,000 ఏళ్ల నాటి గడ్డకట్టిన నేలలో పెనిసిలిన్ జాతి మందులను, టెట్రాసైక్లిన్‌ను, వాంకోమైసిన్‌ను తట్టుకునే జన్యువులు దొరికినట్లు 2011లో పరిశోధకులు ప్రకటించారు. మందుల వాడకం పెరిగిన కొద్దీ ఈ పాత జన్యువులు రోగకారక బాక్టీరియాలోకి చేరి, ఆసుపత్రులను స్థావరం చేసుకున్నాయి. 2019లో మందులకు లొంగని బాక్టీరియా నేరుగా కారణమైన మరణాలు ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షలనీ, వాటి పాత్ర ఉన్న మరణాలు 49.5 లక్షలనీ అంచనా.

నిరోధకత పనిచేసే తీరు

నిరోధక జన్యువులు ప్రధానంగా నాలుగు పనులు చేయిస్తాయి. మొదటిది, మందును విరగ్గొట్టే ఎంజైమును తయారుచేయడం. పెనిసిలిన్, సెఫలోస్పోరిన్ జాతి మందులలోని బీటా-లాక్టమ్ వలయాన్ని తెంచే బీటా-లాక్టమేజ్‌లు ఈ కోవలోవి. సీటీఎక్స్-ఎమ్-15 అనే ఎంజైము సెఫట్రియాక్సోన్ వంటి మందులను పనికిరాకుండా చేస్తుంది. దాన్ని తొలిసారి గుర్తించింది 1999లో న్యూఢిల్లీలో సేకరించిన బాక్టీరియాలోనే. రెండవది, మందు తగలాల్సిన చోటును మార్చేయడం. స్టాఫిలోకోకస్ ఆరియస్‌లోని మెక్-ఎ జన్యువు కణకవచాన్ని అల్లే ప్రోటీనుకు బదులు పెనిసిలిన్ జాతి మందులు అంటుకోలేని మరో ప్రోటీనును సమకూరుస్తుంది. ఎమ్ఆర్ఎస్ఏ అని డాక్టర్లు పిలిచేది ఈ రకాన్నే. మూడవది, లోపలికి వచ్చిన మందును పంపులతో బయటికి తోడేయడం. టెట్రాసైక్లిన్‌ను తట్టుకునే టెట్ జన్యువులు చాలావరకు చేసేది ఇదే. నాలుగవది, మందు లోనికి వచ్చే ద్వారాలను మూసేయడం లేదా తగ్గించడం.

ఒకే కణంలో ఈ నాలుగూ కలిసి ఉండవచ్చు. ఆసుపత్రుల్లో ఇబ్బంది పెట్టే క్లెబ్సియెల్లా న్యుమోనియే, అసినెటోబాక్టర్ బౌమానీ, సూడోమోనాస్ ఎరుగినోసా వంటివి సాధారణంగా ఇలాంటి పలు కవచాలు తొడుక్కున్నవే.

జన్యువు చేతులు మారే దారులు

తల్లి కణం విడిపోయినప్పుడు నిరోధకత పిల్ల కణాలకు వస్తుంది. కానీ ఆసుపత్రి సమస్యకు అసలు కారణం అది కాదు. బాక్టీరియాకు వారసత్వంతో పాటు ఇచ్చిపుచ్చుకోవడం కూడా తెలుసు; బంధుత్వం లేని జాతుల మధ్య కూడా జన్యువులు మారతాయి.

ఇందులో ముఖ్యమైనది సంయుగ్మం. రెండు కణాలు ఆనుకుని, ఒకదానిలోని ప్లాస్మిడ్ నకలు రెండోదానికి చేరుతుంది. ప్లాస్మిడ్ అంటే బాక్టీరియా ప్రధాన క్రోమోజోముకు బయట, చాలావరకు వలయాకారంలో ఉండే చిన్న డీఎన్ఏ ముక్క. దానిమీద ఒకదాని పక్కన ఒకటిగా ఐదారు మందులకు విరుగుడు జన్యువులు కొలువుండవచ్చు. కాబట్టి రోగికి ఒక్క మందు ఇచ్చినా, ఆ ప్లాస్మిడ్ మీదున్న మిగతా జన్యువులన్నీ దానితోపాటే నిలబడతాయి. జన్యు పరివర్తనలో బాక్టీరియా చనిపోయిన కణాల నుంచి వెలువడిన డీఎన్ఏను లోనికి తీసుకుంటుంది. జన్యువహనంలో ఫేజ్ అనే వైరస్ ఒక కణం డీఎన్ఏను మరొకదానికి మోసుకుపోతుంది. ట్రాన్స్‌పోజాన్లు ఒక డీఎన్ఏ మీదనుంచి మరో డీఎన్ఏ మీదికి దూకే ముక్కలు. ఇంటెగ్రాన్లు కొత్త జన్యువులను పట్టి వరుసగా పేర్చుకునే అమరికలు.

అందుచేత ఆసుపత్రిలో వ్యాపించేది ఒక బాక్టీరియా మాత్రమే కాకపోవచ్చు. ఒక వార్డులో క్లెబ్సియెల్లాలో కనిపించిన జన్యువు, కొన్నాళ్లకు అదే వార్డులోని ఇ.కోలైలో కనిపించవచ్చు. క్రిమి మారినా ప్లాస్మిడ్ అదే.

ఆసుపత్రే ఎందుకు

మందు ఒత్తిడి, బలహీనపడిన శరీరాలు, చేతి స్పర్శ అనే మూడూ ఒకచోట కలిసేది ఆసుపత్రిలోనే. ఐసీయూలో ఉన్న రోగికి బలమైన యాంటీబయాటిక్‌లు ఇస్తారు. మందుకు లొంగే బాక్టీరియా చచ్చి, లొంగనివాటికి చోటు ఖాళీ అవుతుంది. వెంటిలేటర్ గొట్టం, మూత్రపు గొట్టం, మెడ దగ్గర పెట్టే సెంట్రల్ లైన్ వంటివి చర్మం వంటి శరీర సహజ రక్షణలను దాటి క్రిములకు దారి ఇస్తాయి. ఈ పరికరాల ఉపరితలంపై బాక్టీరియా జిగురు పొరగా పేరుకుంటుంది; ఆ పొర లోపల కణాలు కిక్కిరిసి ఉండటంతో ప్లాస్మిడ్ల మార్పిడికీ అనువుగా ఉంటుంది. అసినెటోబాక్టర్ పొడి ఉపరితలాలపై చాలా రోజులు బతకగలదు. చేతులు కడుక్కునే సింకు, దాని కిందున్న తూము, తడి మాపు కూడా నిల్వ కేంద్రాలే.

జబ్బు లేకుండానే పేగుల్లో ఇలాంటి బాక్టీరియాను మోస్తున్నవారు ఉంటారు. వారికి జ్వరం ఉండదు, ఎవరూ పరీక్షించరు. ఒక ఆసుపత్రి నుంచి మరోదానికి జన్యువు చేరే ప్రధాన మార్గాల్లో ఇదొకటి.

చరిత్ర

పెనిసిలిన్ మందుగా విస్తృతంగా రాకముందే, 1940లో అబ్రహాం, చెయిన్ దాన్ని విచ్ఛిన్నం చేసే ఎంజైమును బాక్టీరియాలో గుర్తించారు. 1945లో నోబెల్ ఉపన్యాసంలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్, తక్కువ మోతాదులో మందు వాడితే క్రిములకు తట్టుకోవడం నేర్పినట్లవుతుందని హెచ్చరించారు.

ఈ కథలో తెలుగువారికి దగ్గరి పేరు ఒకటుంది. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలకు నాయకత్వం వహించిన కాలంలోనే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను వెలికితీశారు. 1948లో వెలుగు చూసిన ఈ మందే టెట్రాసైక్లిన్ కుటుంబానికి తొలి బిడ్డ. పదేళ్లు గడిచాయో లేదో, జపాన్‌లో జిగట విరేచనాలు కలిగించే షిగెల్లాలో సల్ఫా మందులు, స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్ అన్నింటికీ ఒకేసారి లొంగని రకాలు కనిపించాయి. ఈ గుణం మొత్తం ఒక మూటలా షిగెల్లా నుంచి ఇ.కోలైకి మారుతుందని 1959లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. బదిలీ అయ్యే ప్లాస్మిడ్ల అవగాహన అక్కడ మొదలైంది.

ఎన్‌డీఎం-1

భారతదేశంతో ఎక్కువగా ముడిపడిన నిరోధక జన్యువు న్యూఢిల్లీ మెటలో-బీటా-లాక్టమేజ్-1, అంటే ఎన్‌డీఎం-1. న్యూఢిల్లీలో చికిత్స పొంది స్వీడన్ వెళ్లిన భారత సంతతి రోగి నుంచి 2008లో వేరుచేసిన క్లెబ్సియెల్లాలో దీన్ని గుర్తించారు. వివరాలు 2009లో వెలువడ్డాయి. జింక్ సాయంతో పనిచేసే దీని ఎంజైము, ఐసీయూల్లో చివరి అస్త్రాలుగా భావించే మెరోపెనెమ్, ఇమిపెనెమ్ వంటి కార్బపెనెమ్‌లను కూడా విరగ్గొడుతుంది. చెన్నై, హర్యానా, బ్రిటన్ తదితర చోట్ల ఈ జన్యువు ఉన్న బాక్టీరియా గురించి 2010లో మరో వ్యాసం వచ్చింది. దేశ రాజధాని పేరు పెట్టడంపై భారత్‌లో తీవ్ర అభ్యంతరాలు వ్యక్తమయ్యాయి. 2011లో న్యూఢిల్లీ వీధుల్లో నిలిచిన 171 మురుగునీటి నమూనాల్లో 51లోనూ, 50 కుళాయి నీటి నమూనాల్లో రెండింటిలోనూ ఈ జన్యువు బయటపడటంతో, విషయం ఆసుపత్రి గోడలు దాటిందని తేలింది.

కార్బపెనెమ్‌లూ పనిచేయనప్పుడు మిగిలేది కోలిస్టిన్ వంటి పాత మందు. అది మూత్రపిండాలకు హాని చేయగలదు. ఆ కోలిస్టిన్‌ను కూడా తట్టుకునే ఎమ్‌సీఆర్-1 జన్యువు ప్లాస్మిడ్ మీద ప్రయాణిస్తోందని 2015లో చైనాలో తేలింది. ఆహారం కోసం పెంచే పశువులు, కోళ్లు, చేపలకు కోలిస్టిన్ వాడకాన్ని భారత్ 2019లో నిషేధించింది.

పటాన్‌చెరు అనుభవం

నిరోధక జన్యువుల ప్రపంచ చర్చలో హైదరాబాద్ శివార్లలోని పటాన్‌చెరుకు ప్రత్యేక స్థానం ఉంది. సుమారు 90 బల్క్ డ్రగ్ పరిశ్రమల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే అక్కడి ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉన్నట్లు 2007లో ప్రచురించారు. రోజుకు దాదాపు 45 కిలోల మందు నీటిలో పోతోందనీ, అది స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడే మోతాదుకు సమానమనీ లెక్కగట్టారు. ఆ పరిసరాల వాగులు మంజీర మీదుగా గోదావరిలో కలుస్తాయి.

2014లో వచ్చిన మరో అధ్యయనం దగ్గరలోని కాజీపల్లి చెరువు డీఎన్ఏను మొత్తంగా చదివి, 81 రకాల నిరోధక జన్యువులను గుర్తించింది; ఒక స్వీడన్ సరస్సుతో పోలిస్తే వాటి సాంద్రత 7,000 రెట్లు. 2017లో హైదరాబాద్ పరిసరాల్లోని 28 చోట్ల తీసిన నీటి నమూనాలన్నింటిలో మందుల అవశేషాలు కనిపించాయి. వాటిలో 95 శాతానికి పైగా సెఫలోస్పోరిన్లనూ కార్బపెనెమ్‌లనూ విరగ్గొట్టే బాక్టీరియాకు నెలవులు. కర్మాగారాల వ్యర్థజలంలో యాంటీబయాటిక్‌లకు పరిమితులు విధించే ముసాయిదాను కేంద్రం 2020 జనవరిలో ప్రకటించినా, 2021 తుది నిబంధనల్లో ఆ పరిమితులు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ అంశంపై తొలి మార్గదర్శకాలను 2024లో వెలువరించింది.

ఉత్తరాంధ్ర: నౌపడ నుంచి విశాఖ దాకా

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని నౌపడ ఉప్పు మడులకు, గుణుపురం రైలు మార్గం చీలే జంక్షన్‌కు పేరుపడ్డ ఊరు. జబ్బు ముదిరితే ఇక్కడి రోగి దారి దాదాపు ఒకటే: ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర ఇంజక్షన్, టెక్కలి ప్రభుత్వ ఆసుపత్రి, శ్రీకాకుళం రిమ్స్, అక్కడా కుదరకపోతే విశాఖపట్నంలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి. ఇచ్ఛాపురం వైపువారు బరంపురం వెళ్లడమూ మామూలే. ఈ మెట్లలో ఒక్కోచోట ఒక్కో యాంటీబయాటిక్ పడుతుంది. పై ఆసుపత్రికి చేరేసరికి రోగి పేగుల్లో లొంగే బాక్టీరియా చాలావరకు చచ్చి, లొంగనివి మిగలవచ్చు. తిరుగు ప్రయాణంలో పెద్ద ఆసుపత్రి బాక్టీరియా ఊరికి వచ్చే అవకాశమూ ఉంది. రోగి నడిచే దారే జన్యువు నడిచే దారి.

దీర్ఘకాలిక మూత్రపిండాల జబ్బు పీడించే ఉద్దానం ప్రాంతంలో ఈ ప్రమాదానికి మరో కోణముంది. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో డయాలసిస్ మీద బతికేవారు వారానికి రెండు మూడుసార్లు ఆసుపత్రికి రావాలి. మెడలో కాథెటర్ ద్వారా డయాలసిస్ చేయించుకునేవారికి రక్తంలో ఇన్‌ఫెక్షన్ వచ్చే ముప్పు, చేతిలో ఫిస్టులా (ధమనిని సిరతో కలిపి చేసే అమరిక) ఉన్నవారికన్నా ఎక్కువ. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైంది. ఇలాంటి చోట ఫిస్టులా ముందుగానే వేయించడం, కాథెటర్ ముట్టుకునే ప్రతిసారీ చేతుల శుభ్రత పాటించడం మందులంత విలువైనవి.

పైడిభీమవరం ఔషధ పరిశ్రమల ప్రాంతం, తీరం పొడవునా వనామీ రొయ్యల చెరువులు కూడా ఈ జిల్లాలోనివే. రొయ్యల సాగులో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి మందులు నిషిద్ధం. అవశేషాల అనుమానంతో యూరోపియన్ యూనియన్ 2016లో భారత్ నుంచి వచ్చే సాగు రొయ్యల సరుకుల తనిఖీని 10 నుంచి 50 శాతానికి పెంచింది.

గుర్తింపు

పునాది పరీక్ష కల్చర్, సెన్సిటివిటీ. రోగి రక్తం, మూత్రం లేదా కఫం నుంచి బాక్టీరియాను పెంచి, పళ్లెంలో మందు బిళ్లలు ఉంచుతారు. బిళ్ల చుట్టూ ఖాళీ వలయం తగినంత వెడల్పుంటే మందు పనిచేస్తుందని అర్థం. ఇక్కడ ఉప్పుకూ పాత్ర ఉంది: 7.5 శాతం ఉప్పు కలిపిన మానిటాల్ మాధ్యమంలో చాలా క్రిములు ఎదగవు, స్టాఫిలోకోకస్ మాత్రం ఎదుగుతుంది. దాన్ని ఏరడానికి అదే జల్లెడ. కల్చర్ ఫలితానికి సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది. క్షయ పరీక్షకు వాడే జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రంలోనే వేరే కార్ట్రిడ్జ్ పెట్టి, ఎన్‌డీఎం, కేపీసీ, ఆక్సా-48 వంటి కార్బపెనెమేజ్ జన్యువులను సుమారు గంటలో పట్టవచ్చు.

అదుపు చర్యలు

2013లో ప్రకటించి 2014 మార్చి 1 నుంచి అమలులోకి తెచ్చిన షెడ్యూల్ హెచ్1 ప్రకారం, అందులోని యాంటీబయాటిక్‌లను చీటీ లేకుండా అమ్మకూడదు. మందుల షాపు వేరే రిజిస్టరు ఉంచాలి. చీటీ లేకుండా కొనకూడని మందు అని తెలిపే ఎర్రగీత ప్రచారం 2016లో మొదలైంది. యాంటీబయాటిక్ నిరోధకతపై జాతీయ కార్యాచరణ ప్రణాళిక 2017లో వచ్చింది. కేరళ 2018లో సొంత ప్రణాళికతో ముందు నిలవగా, తర్వాత ఆంధ్రప్రదేశ్ కూడా ప్రణాళిక రూపొందించింది.

ఆసుపత్రి స్థాయిలో పనిచేసేవి కొత్త మందులకన్నా పాత అలవాట్లు: ఆల్కహాల్ ద్రవంతో చేతులు రుద్దుకోవడం, అవసరం తీరిన గొట్టాన్ని ఆ రోజే తీసేయడం, నిరోధక బాక్టీరియా ఉన్నవారిని వేరుగా ఉంచడం, కల్చర్ ఫలితం రాగానే బలమైన మందు నుంచి సరిపడే చిన్న మందుకు దిగడం. నౌపడ వంటి ఊళ్ల రోగులకు వీటితోపాటు ఇంకొకటి కావాలి. టెక్కలిలో ఏ మందులు ఇచ్చారో, కల్చర్‌లో ఏ క్రిమి వచ్చిందో రిఫరల్ చీటీ మీద రాసి పంపితే, శ్రీకాకుళంలోనో విశాఖలోనో రోగిని ఏ మంచం మీద పడుకోబెట్టాలో, ఏ మందుతో మొదలుపెట్టాలో అంబులెన్స్ ఆగేలోపే నిర్ణయించవచ్చు.