రేపకడ నుంచి అరోరా దాకా

వెలుగోడులో తెల్లవారడం వేరు, పొద్దు పొడవడం వేరు. ఊరికి తూర్పున నల్లమల గోడలా నిలబడి ఉంటుంది. సూర్యుడు ఆ కొండల వెనక లేచి, శిఖరం దాటి ముఖం చూపించేసరికి ఇవతల ఎప్పుడో తెల్లగా వెలుతురు పరుచుకుని ఉంటుంది. తెలుగుగంగ నీళ్లు నిలిచే 16.95 టీఎంసీల జలాశయం మీద ముందు నీరు తెల్లబడుతుంది, ఎండ తర్వాతెప్పుడో వస్తుంది. కొండ పాదాన ఉన్న రుద్రవరం, ఆళ్లగడ్డ వైపు పల్లెలదీ ఇదే తీరు. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లకు ఈ రెండూ ఇంచుమించు ఒకే దృశ్యం. కుందేటి లోయ రైతుకు మాత్రం ఆ రెంటి మధ్యా ఎద్దులకు మేత వేసి, కాడి కట్టేంత వ్యవధి ఉంటుంది.

అందుకే వేకువకు ఒక్క మాట సరిపోలేదు. గడియారాలు లేని రోజుల్లో తొలికోడి, మలికోడి, వేగుచుక్క, తెల్లారుజాము, పొద్దుపొడుపు అని రాత్రి చివరి భాగాన్ని ముక్కలు చేసుకున్నారు. రాయలసీమ పల్లెల్లో ‘మబ్బుతోనే లేచి పోయినాడు’ అంటే ఆకాశంలో మేఘాలు ఉన్నాయని కాదు, ఇంకా చీకటి విడవకముందే అని. ఇవి అందాన్ని వర్ణించే మాటలు కావు, పని వేళలు. బండి కట్టాల్సినవాడికి ఒకటి, పాలు పితకాల్సినావిడకు ఒకటి. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ సామెత కూడా ఆ రోజుల్లో వేళను ఎవరు చెప్పేవారో గుర్తుచేస్తుంది.

వీటన్నిటిలో ఎక్కువ దూరం నడిచిన మాట ‘రేపు’. నేడు దాని అర్థం మరుసటి రోజు. పాత తెలుగులో అది ఉదయం. ‘రేపకడ’ అంటే తెల్లవారే వేళ, ‘మాపు’ అంటే సాయంకాలం; రేపూ మాపూ అంటే పొద్దునా సాయంత్రం. ‘రేపు చూద్దాం’ అన్న మాటకు తెల్లవారాక చూద్దాం అన్నదే మూలం. తర్వాత ఆ తెల్లవారడం ఏ గంటకూ కట్టుబడకుండా రోజంతా పరుచుకుంది. ప్రభుత్వాఫీసులో ‘రేపు రండి’ అని వినే మనిషికి అందులో వేకువ ఏ కోశానా కనిపించదు! తెలుగువాళ్లే ఇలా చేశారని కాదు. హిందీ ‘కల్’ వెనక ఉన్నది తెల్లవారుజామును చెప్పే సంస్కృత ‘కల్యం’. స్పానిష్ వాళ్లు ‘మన్యానా’ అనే ఒక్క మాటతో ఉదయాన్నీ రేపటినీ పిలుస్తారు. జర్మన్ ‘మోర్గెన్’ కూడా అంతే. ఎన్నో జాతులు వేకువను కాలంలోనే ముందుకు తోశాయి.

‘వేగు’ మరో దారి పట్టింది. వేకువ, వేగుచుక్క అన్నప్పుడు అది తెల్లవారడం. వేగులవాడు అంటే గూఢచారి. ఇక వేగుచుక్క శుక్రగ్రహం. అదేమీ ఏడాది పొడుగునా నమ్మకంగా కొలువు చేసే చుక్క కాదు. సుమారు ఎనిమిది తొమ్మిది నెలలు తెల్లారుజామున తూర్పున మెరిసి, కొన్నాళ్లు మాయమై, ఆపైన అన్నే నెలలు సాయంత్రం పడమట కనిపిస్తుంది. అది లేని నెలల్లో పిల్లలకోడి, గొర్రుకొయ్యలు లాంటి చుక్కల గుంపులు ఎంత వాలాయో చూసి వేళ కట్టేవారు. ‘వెలుగు’కూ తెలుగులో రెండు అర్థాలున్నాయి, కాంతి ఒకటి, పొలం చుట్టూ వేసే ముళ్లకంచె ఒకటి. వెలుగోడు పేరు విన్నప్పుడు చెవికి ముందు కాంతే తగులుతుంది గానీ, అడవి అంచున పంట కాపాడుకునే ఊళ్లకు కంచె అంతకన్నా తక్కువదేమీ కాదు.

ఆళ్లగడ్డ దాటి నల్లమలలోకి వెళితే అహోబిలం. వేకువ ఇక్కడ పాటకు దగ్గరవుతుంది. అహోబిల మఠం తొలి పీఠాధిపతి ఆదివన్ శఠకోప యతి దగ్గర అన్నమాచార్యుడు (1408–1503) వేదాంతం చదువుకున్నాడని ఆయన మనవడు తాళ్లపాక చిన్నన్న రాసిన ‘అన్నమాచార్య చరిత్ర’ చెబుతుంది. దేవుణ్ణి నిద్ర లేపే మేలుకొలుపులను అన్నమయ్య తెలుగులో పాడాడు. సంస్కృతంలో వేంకటేశ సుప్రభాతాన్ని ప్రతివాది భయంకరం అణ్ణన్ 15వ శతాబ్దంలో రాశాడు. అందులో మొదటి శ్లోకం ఆయనది కాదు, వాల్మీకి రామాయణం బాలకాండలో విశ్వామిత్రుడు రాముణ్ణి లేపే సందర్భం నుంచి తీసుకున్నది. ఇప్పటికీ తిరుమలలో సుప్రభాత వేళ తాళ్లపాక వంశీకులు మేలుకొలుపు పాడతారు. 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గొంతులో రికార్డయ్యాక సుప్రభాతం గుడి దాటి వంటింటి రేడియోలోకి వచ్చింది. ఆ తర్వాత మాట కాస్త చిలిపిగా మారింది: ‘పొద్దున్నే సుప్రభాతం మొదలైంది’ అంటే ఇంట్లో తిట్ల దండకం అందుకున్నారని. మొరటు వాడుక ఇంకోటి ఉంది. ‘వాడి బతుకు తెల్లారింది’ అంటే బాగుపడ్డాడని కాదు, అంతటితో సరి అని.

లాటిన్ ‘అరోరా’ కథ వేరు. రోమన్లకు ఆమె వేకువ దేవత. ఋగ్వేదపు ఉషస్సు, గ్రీకుల ఈయోస్, రోమన్ల అరోరా, ఈ మూడు పేర్లూ ఒకే ఆదిమ మూలం నుంచి చీలినవని భాషాశాస్త్రజ్ఞులు తేల్చారు. ఆ లెక్కన ఉష అనే పేరున్న తెలుగింటి ఆడపిల్లకు అరోరా దూరపు చుట్టమే. ఉత్తరాకాశంలో రాత్రిపూట కనిపించే కాంతికి ఆ దేవత పేరు అంటింది 17వ శతాబ్దంలో, శాస్త్రజ్ఞులు గెలీలియో, గసెండీల కాలంలో. భూమి నుంచి పైకి లేచిన ఆవిరి మీద సూర్యకాంతి పడి మెరుస్తోందని గెలీలియో అనుకున్నాడు, కాబట్టి అది ఆయన దృష్టిలో వేళకాని వేళ వచ్చిన వేకువ. పేరు నిలిచింది, వివరణ నిలవలేదు. అంతకు చాలా ముందు, తిబెరియస్ చక్రవర్తి హయాంలో ఇలాంటి ఎర్రటి వెలుగు చూసి ఓస్టియా రేవు తగలబడుతోందనుకుని సైనికులు ఆర్పడానికి పరుగెత్తారని రోమన్ రచయిత సెనెకా రాశాడు. వాళ్లకు అది వేకువలా కాదు, మంటలా కనిపించింది.

అసలు వేకువ దేవతకు తెలుగువాళ్లు ఏకంగా ఒక ఊళ్లో తారసపడ్డారు. షికాగోకు పడమరన అరోరా అనే పట్టణం ఉంది. 1834లో మెక్కార్టీ సోదరులు అక్కడ మిల్లు కట్టుకున్నారు, 1837లో తపాలా కచేరీ వచ్చేసరికి ఊరు అరోరా అయింది. ఆ ప్రాంతపు పొటవాటమీ తెగ నాయకుడు వాబాన్సీ పేరుకు కూడా తెల్లవారడమే అర్థమని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. 1881లో వీధి దీపాలన్నిటినీ కరెంటుతో వెలిగించిన తొలి అమెరికా పట్టణాల్లో ఇదొకటి, అందుకే దాన్ని దీపాల నగరం అంటారు. సరిగ్గా అలాంటి ఊళ్లోనే 1986లో వేంకటేశ్వరస్వామి ఆలయానికి కుంభాభిషేకం జరిగింది. వేకువ పేరున్న ఊళ్లో వేకువ పాటతో లేచే దేవుడు! ఎవరూ కావాలని కుదిర్చింది కాదు, స్థలం దొరికిన చోట గుడి కట్టుకున్నారు, అంతే.

2024 మే 10 రాత్రి సూర్యుడి నుంచి వచ్చిన తుపాను భూమిని తాకినప్పుడు ఆ ఊరున్న ఇల్లినాయ్ ఆకాశంలోనూ అరోరా రంగులు విచ్చుకున్నాయి. అదే రాత్రి లద్దాఖ్‌లోని హాన్లేలో భారతీయ ఖగోళ భౌతిక సంస్థ కెమెరాలకు దిగంతం దగ్గర ఎర్రటి వెలుగు చిక్కింది. 1872 ఫిబ్రవరిలో అయితే బొంబాయి దాకా కనిపించిందన్న వార్తలున్నాయి. సూర్యుడు విసిరే విద్యుత్ కణాలు భూమి అయస్కాంత రేఖల వెంట దిగి, గాలిలోని ఆక్సిజన్, నైట్రోజన్‌ను తాకడం వల్ల ఇది పుడుతుంది. నూరు, నూటయాభై కిలోమీటర్ల ఎత్తున ఆక్సిజన్ ఆకుపచ్చగా వెలుగుతుంది, రెండు వందలు దాటాక ఎర్రగా. దక్షిణాన ఉన్నవాళ్లకు పైనున్న ఎరుపే కనిపిస్తుంది, కింది పచ్చదనం భూమి వంపు చాటున ఉండిపోతుంది.

తెలుగు పత్రికలు దీన్ని ఒకసారి అరోరా అనీ, ఒకసారి ధ్రువ కాంతులు అనీ రాస్తున్నాయి. ఆ రెండో పేరు కట్టినవాళ్లు వేకువను పూర్తిగా వదిలేశారు. కాంతి ఎక్కడిదో చెప్పి ఊరుకున్నారు. గెలీలియో పొరబాటు ఆ పేరులో లేదు.