ఒక కుర్చీ కోసం: ఉత్తర ఐర్లాండ్‌లో పార్టీ రాజకీయాలు, రాజ్యాంగ ప్రశ్న

ఉత్తర ఐర్లాండ్ ప్రభుత్వానికి ఫస్ట్ మినిస్టర్, డిప్యూటీ ఫస్ట్ మినిస్టర్ అని ఇద్దరు పెద్దలుంటారు. హోదాల పేర్లలో పెద్దా చిన్నా కనిపిస్తాయి కానీ అధికారాల్లో వెంట్రుకవాసి తేడా లేదు. ఒకరు రాజీనామా చేస్తే రెండోవారి పదవీ ఊడుతుంది. అయినా 2022 మే అసెంబ్లీ ఎన్నికల ప్రచారం చాలావరకు మొదటి కుర్చీ ఎవరిదన్న దాని చుట్టూనే నడిచింది. 90 స్థానాల్లో ఐక్య ఐర్లాండ్ కోరే నేషనలిస్ట్ పార్టీ సిన్ ఫెయిన్‌కు 27, బ్రిటన్‌తోనే ఉండాలనే డెమొక్రాటిక్ యూనియనిస్ట్ పార్టీకి (డీయూపీకి) 25 వచ్చాయి. బ్రెగ్జిట్ తర్వాతి వాణిజ్య నిబంధనలను కారణంగా చూపి డీయూపీ పక్కకు జరిగింది. సిన్ ఫెయిన్ నేత మిషెల్ ఓనీల్ ఆ కుర్చీలో కూర్చోవడానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది. అధికారాల్లో తేడా లేని పదవికి అంత విలువ ఎక్కడి నుంచి వచ్చింది?

సమాజం చీలి ఉంది కనుక పార్టీలూ చీలి ఉన్నాయన్నది ఎక్కువమంది ఇచ్చే జవాబు. అది అబద్ధం కాదు, కానీ సగమే. ప్రొటెస్టెంట్ల పిల్లలు, క్యాథలిక్కుల పిల్లలు ఎక్కువగా వేరువేరు బడుల్లో చదివే చోట, ఇళ్ళు కూడా వేరు వాడల్లో కట్టుకునే చోట ఓట్లు ఆ గీత వెంటే పడటంలో వింత లేదు. కానీ ఆ గీత ఒక్కటే మిగిలేలా, కూలి, అద్దె, ఉద్యోగం వంటి ప్రశ్నలన్నీ దాని కింద అణగిపోయేలా చేసినవి ఎన్నికల నిబంధనలు. ఆ నిబంధనలు రాసుకున్నవి పార్టీలే. 1998 గుడ్ ఫ్రైడే ఒప్పందం మీద వచ్చిన రచనలు ఇప్పటికే గంపెడున్నాయి. దానికి ముందొక మార్పు, వెనకొక మార్పు ఉన్నాయి. నా దృష్టి ఎక్కువగా వాటి మీద.

అసలు సరిహద్దు గీసిందే ఓట్ల లెక్క చూసుకుని. చారిత్రకంగా అల్‌స్టర్ అంటే తొమ్మిది కౌంటీలు. డొనెగాల్, కావన్, మొనాహన్ కలిస్తే యూనియనిస్టుల ఆధిక్యం అంతంతమాత్రమవుతుంది. అందుకే ఆరు కౌంటీలతో సరిపెట్టుకోవడానికి వారి నాయకత్వం 1920లో ఒప్పుకుంది. ఆ ఏడాది వచ్చిన ఐర్లాండ్ ప్రభుత్వ చట్టం కింద బెల్‌ఫాస్ట్‌లో 52 మంది సభ్యుల దిగువ సభ ఏర్పడింది. ఎన్నిక దామాషా పద్ధతిలో, బదిలీ ఓటుతో జరిగేది. 1921లో యూనియనిస్ట్ పార్టీకి 40 స్థానాలు వచ్చాయి. 1925లో అవి 32కు పడిపోయాయి. లేబర్ పార్టీ వారు ముగ్గురు, స్వతంత్ర యూనియనిస్టులు నలుగురు సభలోకి వచ్చారు. ఓడరేవు పనివాడు యూనియన్ జెండాకు జై కొడుతూనే ఇంటద్దె గురించి నిలదీయడం మొదలుపెట్టాడన్నమాట.

ఉత్తర ఐర్లాండ్ ప్రధాని జేమ్స్ క్రెయిగ్‌కు ఇది మింగుడుపడలేదు. యూనియన్ కావాలనేవాళ్ళు ఒకవైపు, డబ్లిన్ పార్లమెంటులో కలుద్దామనేవాళ్ళు ఒకవైపు, సభలో ఈ రెండు పక్షాలే ఉండాలన్న తన కోరికను ఆయన దాచుకోలేదు. 1929లో దామాషా పద్ధతి పోయింది. ఆ ఎన్నికల్లో యూనియనిస్టులు 37కు పెరిగారు, నేషనలిస్టులు దాదాపు ఉన్నచోటే ఉన్నారు, లేబర్ ఒక్క స్థానానికి దిగింది. క్యాథలిక్కుల నోరు నొక్కడానికే దామాషా రద్దు చేశారన్న ప్రచారం ఉంది. 1922లో స్థానిక సంస్థల్లో చేసిన రద్దుకు ఆ మాట వర్తిస్తుంది. 1929 దెబ్బ మాత్రం ముందుగా తగిలింది ప్రొటెస్టెంట్ ఓట్లను చీల్చగల వర్గ రాజకీయానికి. ప్రతి ఎన్నికా రాజ్య స్వరూపం మీద తీర్పుగా మారితే పాలకపక్షం తన పాలన గురించి జవాబు చెప్పుకోనక్కరలేదు. 1972 వరకు అధికారం చేతులు మారలేదు.

స్థానికంగా ఈ లెక్క ఎంత పచ్చిగా నడిచిందో డెర్రీ కార్పొరేషన్ చూస్తే తెలుస్తుంది. 1968 అల్లర్ల మీద విచారణ జరిపిన కామెరాన్ కమిషన్ 1967 నాటి అంకెలు ప్రచురించింది. దక్షిణ వార్డులో క్యాథలిక్ ఓటర్లు 10,047, ఇతరులు 1,138. అక్కడి 8 స్థానాలూ యూనియనిస్టేతరులవి. ఉత్తర వార్డులో క్యాథలిక్కులు 2,530, ఇతరులు 3,946. అక్కడా 8 స్థానాలే, అన్నీ యూనియనిస్టులవి. వాటర్‌సైడ్ వార్డులో 1,852 మంది క్యాథలిక్కులు, 3,697 మంది ఇతరులు, 4 స్థానాలు, అవీ యూనియనిస్టులవే. ఊరంతా కలిపితే 14,429 మంది క్యాథలిక్ ఓటర్ల వైపు ఎనిమిది మంది, 8,781 మంది ఇతరుల వైపు పన్నెండు మంది. నగర పాలన ఈ పన్నెండు మందిది. పైగా స్థానిక ఓటు ఇంటి పన్ను కట్టే కుటుంబ యజమానికి, ఆయన భార్యకే ఉండేది. అద్దె గదిలో ఉండేవారికి, తల్లిదండ్రులతో ఉండే పెద్ద పిల్లలకు ఓటు లేదు. అంటే కౌన్సిల్ ఒక ఇల్లు కేటాయిస్తే రెండు ఓట్లు కేటాయించినట్టు. క్యాథలిక్ కుటుంబానికి తప్పు వార్డులో ఇల్లిస్తే కౌన్సిలే చేజారవచ్చు.

1968 జూన్‌లో టైరోన్ కౌంటీలోని కాలెడన్ గ్రామంలో కౌన్సిల్ ఇంటిని 19 ఏళ్ళ ప్రొటెస్టెంట్ అవివాహితకు ఇచ్చినందుకు నిరసనగా నేషనలిస్ట్ సభ్యుడు ఆస్టిన్ కరీ ఆ ఇంట్లో బైఠాయించాడు. పౌరహక్కుల ఉద్యమం ఊపందుకుంది ఇక్కడి నుంచే. ఆ ఉద్యమం మొదట్లో సరిహద్దు ఊసు ఎత్తలేదు, మనిషికో ఓటు, న్యాయంగా ఇళ్ళు అడిగింది. ఇళ్ళు, ఓట్లు, సరిహద్దు ఒకే ముడిలో బిగిసి ఉండటంతో ఆ డిమాండునే రాజ్యం మీద దాడిగా పాలకులు చూశారు. తర్వాతి కథ తెలిసినదే: 1968 అక్టోబర్ 5న డెర్రీలో పౌరహక్కుల ప్రదర్శన మీద లాఠీలు, 1972 జనవరి 30న అదే ఊళ్ళో సైన్యం కాల్పులు, రెండు నెలలకే బెల్‌ఫాస్ట్ పార్లమెంటు నిలిపివేత. 1973 మార్చిలో సరిహద్దు మీద నేరుగా ప్రజాభిప్రాయం అడిగితే నేషనలిస్టులు బహిష్కరించారు. పోలింగు 59 శాతం లోపు, యునైటెడ్ కింగ్‌డమ్‌లో ఉంటామన్నవారు 98.9 శాతం. ఆ అంకె ఎవరినీ ఒప్పించలేదు.

1998 ఏప్రిల్ 10 నాటి గుడ్ ఫ్రైడే ఒప్పందం ఈ ముడిని ఒకవైపు విప్పింది. ఉత్తర ఐర్లాండ్ ప్రజల్లో అధిక సంఖ్యాకులు కోరితేనే రాజ్యం మారుతుందని అందరూ ఒప్పుకున్నారు. మన ఆదేశిక సూత్రాలకు ఒరవడి అయిన 1937 ఐరిష్ రాజ్యాంగం తన 2, 3 అధికరణాల్లో దీవి మొత్తాన్నీ జాతీయ భూభాగమని చెప్పుకునేది. ఓటర్లు ఆ అధికరణాలను మార్చేశారు. తెలుగు పాఠకులకు ఇక్కడొక తేడా కనిపిస్తుంది. మన రాజ్యాంగం 3వ అధికరణ కింద రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడిగితే చాలు, సమ్మతి అక్కరలేదు. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించినా ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది. ఉత్తర ఐర్లాండ్‌లో సమ్మతే మూలస్తంభం.

రెండోవైపు అదే ఒప్పందం ముడిని మరింత బిగించింది. అసెంబ్లీలో అడుగుపెట్టిన ప్రతి సభ్యుడూ తాను యూనియనిస్టా, నేషనలిస్టా, ఇతరుడా అని రిజిస్టరులో రాయాలి. బడ్జెట్ వంటి ముఖ్యమైన తీర్మానాలకు మొదటి రెండు వర్గాల్లోనూ మద్దతు లెక్కపెడతారు. మూడో వర్గం ఓట్లు మొత్తంలో కలుస్తాయి తప్ప ఆ వర్గానికంటూ విడిగా లెక్క లేదు. వర్గాల నాయకులు అధికారం పంచుకోవాలన్న రాజనీతి శాస్త్రవేత్త లైప్‌హార్ట్ సిద్ధాంతం ఛాయ ఇది. అవతలి వర్గం ఓటు కూడా అవసరమయ్యేలా పార్టీలను నడిపించాలన్న మరో పండితుడు హోరోవిట్జ్ వాదం బదిలీ ఓటులో కొంత మిగిలింది.

ఈ రిజిస్టరు ఎంత విచిత్రానికి దారితీసిందో 2001 నవంబర్‌లో బయటపడింది. యూనియనిస్ట్ నాయకుడు డేవిడ్ ట్రింబుల్ తిరిగి ఫస్ట్ మినిస్టర్ కావాలి. నవంబర్ 2న సభలో 70 శాతం దాకా ఆయనకు అనుకూలం, నేషనలిస్టులంతా అనుకూలం, యూనియనిస్టుల్లో మాత్రం 29 మంది అటు, 30 మంది ఇటు. ఎన్నిక తప్పింది. నాలుగు రోజులకు ఏ వర్గానికీ చెందని అలయన్స్ పార్టీ సభ్యులు ముగ్గురు తాము ‘యూనియనిస్టులం’ అని రాసుకున్నారు. లెక్క 31, 29 అయింది, ట్రింబుల్ గెలిచారు. ఈలోగా చట్టం చెప్పిన ఆరు వారాల గడువు దాటిపోయింది. డీయూపీ ఉపనాయకుడు పీటర్ రాబిన్సన్ కోర్టుకెక్కారు. 2002 జూలైలో హౌస్ ఆఫ్ లార్డ్స్ 3-2 తేడాతో ఎన్నిక చెల్లుతుందంది. 1998 చట్టం ఆచరణలో ఒక రాజ్యాంగమే కనుక దాన్ని ఉదారంగా చదవాలన్నది లార్డ్ బింగమ్ తీర్పు సారం. నా ఉద్దేశంలో తీర్పు సరైనదే. కానీ గుర్తింపు మార్చుకుంటే తప్ప నడవని సభకు జబ్బు గడువులో లేదు.

ట్రింబుల్‌కు అంత ఇబ్బంది రావడానికి కారణం నాటి పద్ధతి. ఇద్దరు పెద్దలనూ జంటగా, రెండు వర్గాల మద్దతుతో సభ ఎన్నుకోవాలి. అంటే ఒక వర్గం నాయకుడు అవతలి వర్గం ఓట్లూ సంపాదించాలి. 2006 సెయింట్ ఆండ్రూస్ ఒప్పందం తర్వాత ఈ ఎన్నిక పోయింది. పెద్ద వర్గంలోని పెద్ద పార్టీ ఫస్ట్ మినిస్టర్‌ను నామినేట్ చేస్తే సరి. సిన్ ఫెయిన్ నాయకుడికి ఓటేశారన్న మచ్చ డీయూపీకి తప్పింది. చట్టంలో ఇంకో నిబంధన కూడా చేరింది: సభలో అన్నిటికంటే పెద్ద పార్టీ చిన్న వర్గానిదైనా మొదటి కుర్చీ దానికే.

పార్టీల మీద దీని ప్రభావం 1998 మార్పుల కంటే లోతైనదని నేననుకుంటాను. అదివరకు చిన్న యూనియనిస్ట్ పార్టీకి ఓటేసినా వర్గం బలం తగ్గేది కాదు. ఇప్పుడు ఓటు చీలితే సిన్ ఫెయిన్ కుర్చీ ఎక్కుతుందని డీయూపీ ప్రతి ఎన్నికలోనూ చెప్పగలిగింది. ఆ భయం డీయూపీకి బాగా కలిసొచ్చింది. 2011లో 108 స్థానాల్లో 38 గెలిచింది, 30 సంతకాలతో తీర్మానాలను అడ్డుకునే వీలున్న రోజుల్లో ఒంటరిగా వీటో చేయగల స్థితిలో నిలిచింది. 2015లో స్వలింగ వివాహాలకు సభలో స్వల్ప మెజారిటీ దొరికినా అలాగే ఆగిపోయింది. అవతలివైపూ ఇదే ఆట. కుర్చీ అందుతుందన్న ఆశ మరో నేషనలిస్ట్ పార్టీ ఎస్‌డీఎల్‌పీ ఓటర్లను సిన్ ఫెయిన్ వైపు లాగింది. 2022లో యూనియనిస్టులుగా నమోదైనవారు 37 మంది, నేషనలిస్టులు 35 మంది. ఆ రెండో నిబంధన లేకపోయి ఉంటే మొదటి కుర్చీ డీయూపీదే అయ్యేది. పదిహేనేళ్ళు ఓటర్లకు చూపించిన బూచి ఆ నిబంధన దారినే లోపలికి వచ్చింది.

బడ్జెట్‌కు రెండు వర్గాల సమ్మతీ కావాలి, దేశం మారడానికి మాత్రం ఉత్తర ఐర్లాండ్‌లో పోలైన ఓట్లలో సగానికి ఒక్కటి ఎక్కువైతే చాలు. ఇది విడ్డూరంగా కనిపిస్తుంది కానీ మార్చడం అన్యాయం. యూనియన్‌లో ఉండటానికి సాధారణ మెజారిటీ చాలినప్పుడు బయటికి రావడానికి అంతకంటే ఎక్కువ అడిగితే ఒక వర్గం ఓటుకు విలువ తగ్గించినట్టే. చిక్కు వేరేచోట ఉంది. ఐక్య ఐర్లాండ్‌కు మెజారిటీ వచ్చేలా ఉందని తోచినప్పుడు ఓటింగు పెట్టాల్సింది లండన్‌లోని ఉత్తర ఐర్లాండ్ మంత్రి. ఏ ఆధారంతో తోచాలో చట్టం చెప్పదు. సర్వేలా, జనగణనా, అసెంబ్లీ సీట్లా? ఏదీ తోసిపుచ్చలేదు కనుక ప్రతి ఎన్నిక ఫలితాన్నీ రెండు పక్షాలూ సాక్ష్యంగా దాచుకుంటాయి. రోడ్లు, ఆసుపత్రుల వెయిటింగ్ లిస్టుల మీద వేసిన ఓటును కూడా సరిహద్దు ఖాతాలో జమ చేస్తారు.

2021 జనగణనలో క్యాథలిక్కులు, ఆ నేపథ్యం ఉన్నవారు కలిపి 45.7 శాతం, ప్రొటెస్టెంట్, ఇతర క్రైస్తవ నేపథ్యం వారు 43.5 శాతం. సగం ఎవరికీ లేదు. అలయన్స్ 2022లో 17 స్థానాలు గెలిచి మూడో పెద్ద పార్టీ అయింది. సరిహద్దు మీద ఓటింగు వస్తే ఏ వర్గం రిజిస్టరులోనూ పేరు రాయించుకోని ఈ ఓటర్లే ఫలితాన్ని తేలుస్తారు. అసెంబ్లీలో వర్గాలవారీగా లెక్క తీసినప్పుడు వాళ్ళు పంపిన పదిహేడు మంది ఓట్లు ఈనాటికీ ఏ గడిలోనూ పడటం లేదు.