ఇనాం రిజిస్టరులో కనిపించని రైతు

ఇంగ్లండులో 1086లో జరిగిన డూమ్స్‌డే సర్వే గురించి మీరు గత యూనిట్‌లో చదివారు. ఈ భూమి 1066కు ముందు ఎవరి అనుభవంలో ఉండేది, ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది అని రాజోద్యోగులు ఊరూరా విచారించారు. మన ప్రాంతంలో దాదాపు ఇదే ప్రశ్న వేసింది 1858లో ఏర్పడిన మద్రాసు ఇనాం కమిషన్.

అయితే అంతకుముందున్న ఆధారాలను ముందు చూద్దాం. అలిపిరి నుంచి మెట్లెక్కి చేరే తిరుమల ఆలయానికి విజయనగర కాలంలో రాజులు, అధికారులు, వర్తకులు గ్రామాలనో సొమ్మునో సమర్పించేవారు. ఆ సొమ్ముతో దేవస్థానం తన గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించేది. పెరిగిన రాబడితో దాత పేర నైవేద్యం జరిగేది. ప్రసాదంలో దాతకు సాధారణంగా నాలుగో వంతు దక్కేది. శాసనాలు ఈ లెక్కలన్నీ ఎంతో శ్రద్ధగా చెబుతాయి. ఆ చెరువు కింద నాగలి పట్టినవారి పేర్లు మాత్రం వాటిలో అరుదు.

తిరుపతి ప్రాంతం 1801లో ఆర్కాటు నవాబు నుంచి కంపెనీ పాలనలోకి వచ్చింది. (దీన్ని 1800లో నిజాం ఇచ్చిన దత్తమండలాలతో కలిపేయడం జవాబు పత్రాల్లో తరచూ కనిపించే పొరపాటు. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో.) ఇనాం కమిషన్ రిజిస్టరులో ఒక్కో ఇనాంకు విస్తీర్ణం, ఇచ్చిన ప్రభువు, మొదటి గ్రహీత, ప్రస్తుత అనుభవదారు, వారిద్దరి బంధుత్వం వంటివి గడులవారీగా రాశారు. దానపత్రం లేకపోయినా యాభై ఏళ్ల అనుభవం రుజువైతే హక్కును ఒప్పుకున్నారు. దేవాలయ ఇనాంలు సేవ జరిగినంత కాలం కొనసాగాయి.

మరి దున్నేవాడి సంగతేమిటి? ఇక్కడ రెండు మాటలు గుర్తుంచుకోండి. సర్కారుకు రావలసిన పాలు మేల్వారం. సాగుదారు పాలు కుడివారం. ప్రభువు దానం చేసింది మేల్వారమేనా, రెండూనా? రిజిస్టరు దీన్ని చాలాచోట్ల తేల్చదు. రాబడిని దానం పొందినవాడు భూమికే యజమానిగా, తరతరాల రైతు వట్టి కౌలుదారుగా మారే ప్రమాదం ఇందులోనే ఉంది. ఈ ఒక్క అంశంపై కోర్టుల్లో దశాబ్దాలు వాదాలు నడిచాయి. 1956 ఇనాంల రద్దు చట్టం వచ్చాక కూడా పాత రిజిస్టరు నకళ్లే సాక్ష్యంగా నిలిచాయి.

అభ్యాసం: మీ ఊరి అడంగల్ నకలు ఒకటి సంపాదించండి. పట్టాదారు గడిలో, అనుభవదారు గడిలో ఒకే పేరు ఉందా? లేకపోతే ఎందుకో ఊరి పెద్దలను అడిగి పది వాక్యాల్లో రాయండి.