యువ ఫుట్‌బాల్ ఎంపికలో శారీరక పరిణతి

ఫుట్‌బాల్ శిక్షణకు బాలబాలికలను ఎంపిక చేసేటప్పుడు నైపుణ్యంతో పాటు ఎత్తు, బరువు, బలం, వేగం కూడా లెక్కలోకి వస్తాయి. ఇవి శరీరం ఎంతవరకు ఎదిగిందనే దానిపై ఆధారపడి ఉంటాయి. ఈ స్థాయిని శారీరక పరిణతి అంటారు. ఒకే సంవత్సరంలో పుట్టిన పిల్లల మధ్య కూడా పరిణతిలో కొన్నేళ్ళ తేడా ఉండవచ్చు.

ఎదుగుదలలో తేడాలు

ఎత్తు అతివేగంగా పెరిగే దశ సగటున బాలికలలో 12, బాలురలో 14 సంవత్సరాల ప్రాంతంలో వస్తుంది. ఈ దశ ముందుగా వచ్చిన బాలుడు 13 ఏళ్ళకే తోటివారికంటే వేగంగా పరుగెత్తి, బంతి కోసం జరిగే పెనుగులాటలో సులభంగా నెగ్గుతాడు. ఈ ఆధిక్యం చాలావరకు తాత్కాలికం. ఆలస్యంగా ఎదిగేవారు తరువాత అతనిని అందుకుంటారు, కొందరు మించిపోతారు. కాని అప్పటికే ఎంపికలో తప్పిపోయినవారికి మంచి శిక్షణ, గట్టి పోటీలు దొరకవు.

పుట్టిన నెల ప్రభావం

వయోవర్గాన్ని జనవరి 1 నుండి లెక్కించినపుడు జనవరిలో పుట్టినవారు అదే ఏడు డిసెంబరులో పుట్టినవారికంటే దాదాపు ఏడాది పెద్దవారు. దీనివలన కలిగే అనుకూలతను సాపేక్ష వయో ప్రభావం అంటారు. పరిణతి దీనికి భిన్నమైనది. డిసెంబరులో పుట్టిన పిల్లవాడు కూడా తోటివారికంటే ముందుగా ఎదగవచ్చు. తెలుగునాట బడిలో చేర్చేటప్పుడు పుట్టిన తేదీని జూన్ నెలలో రాయించడం ఒకప్పుడు సాధారణం. కాబట్టి ఇక్కడ రికార్డులలోని తేదీని బట్టి అసలు వయసును అంచనా వేయడం కష్టం.

తెలుగు రాష్ట్రాలలో

తెలంగాణలోని హకీంపేట క్రీడా పాఠశాలలో 4వ తరగతి ప్రవేశానికి జరిపే పరీక్షలలో ఎత్తు, బరువు, నిలువు దూకుడు, 800 మీటర్ల పరుగు వంటివి ఉంటాయి. ఇవి ఆనాటి సామర్థ్యాన్ని కొలుస్తాయి, ఎదగడానికి ఇంకా ఎంత మిగిలి ఉందో తెలుపవు. కృష్ణా జిల్లా పల్లెలలో ఆదరణ ఉన్న కబడ్డీలో సబ్ జూనియర్, జూనియర్ విభాగాలకు వయసుతో పాటు బరువుకూ పరిమితి ఉంది. ఫుట్‌బాల్‌లో వయోపరిమితి మాత్రమే ఉంటుంది.

నివారణ పద్ధతులు

2009లో నైజీరియాలో జరిగిన 17 ఏళ్ళ లోపు ప్రపంచ కప్పులో ఫిఫా మణికట్టు ఎం.ఆర్.ఐ. పరీక్షను ప్రవేశపెట్టింది. వయసు దాచినవారిని గుర్తించడమే దీని ఉద్దేశం, పరిణతి తేడాలను ఇది సరిచేయదు. అందుకోసం బయో-బాండింగ్ అనే పద్ధతి ఉంది. ఇందులో తల్లిదండ్రుల ఎత్తు, పిల్లల ప్రస్తుత ఎత్తు, బరువులను బట్టి పెద్దయ్యాక వచ్చే ఎత్తును అంచనా వేస్తారు. అందులో ఇప్పటికి ఎంత శాతం చేరారో చూసి జట్లను విభజిస్తారు. ఇంగ్లాండు ప్రీమియర్ లీగ్ 2015లో దీనిని ప్రయోగించింది. ఇటువంటి పోటీలలో ముందుగా ఎదిగినవారు బలంపై కాక నైపుణ్యంపై ఆధారపడవలసి వస్తుంది. చిన్నగా ఉన్నవారికి తమ ఆట చూపే అవకాశం దొరుకుతుంది. దీనిని వయోవర్గాల పోటీలకు తోడుగానే వాడతారు.

ఇవి కూడా చూడండి

ఫుట్‌బాల్
కబడ్డీ
కౌమారం