ఫోబూరు – వెలివాడ

హైదరాబాదునకు ఉత్తరమున, శామీరుపేట చెంత, కరీంనగరము పోవు బాటమీద అలియాబాదు అను ఊరు గలదు. పేరు చివరనున్న 'ఆబాదు' పారసీక పదము. జనము నిండి సాగుబడి గల చోటని యర్థము. జనము లేచిపోయిన ఊరిని మన రివెన్యూ లెక్కలలో 'బేచిరాగు' అని వ్రాసిరి, అనగా దీపము లేనిది. ఈ లెక్కన ఊరికి గురుతు కోటయు గాదు, గుడియు గాదు, ఇంటి దీపము. ఊరిని బిలుచు మాటలలో, ఊరనగా నేమి, అందెవరు చేరుదురు అను తీర్పు దాగియుండును. ఫ్రెంచి భాషలో నిది మరింత స్పష్టముగా గానవచ్చును. 1723లో యానాములో దిగినవారి భాష గనుక అది మనకు కేవలము పరాయిదియు గాదు.

ఫ్రెంచివారు నగరమును 'విల్' అందురు. దీనికి మూలమైన లాటిను 'విల్లా' పొలము నడిమి భూస్వామి లోగిలి. మహానగరమునకు కమతపుటింటి పేరు వచ్చుట వింతయే! 'సితే' పౌరసమాజమును జెప్పు మాటనుండి వచ్చినది. మనకు పురమునుండి పౌరుడు పుట్టినట్లు, వారికి సితేనుండి 'సిత్వాయెన్' పుట్టెను. 'బూర్' కోట గల ఊరు. అందలి వర్తకులే 'బూర్జువా'లు. ఆ బూరునకు వెలుపలిది 'ఫోబూర్'. దీని పూర్వరూపమునకు 'ఊరి వెలుపల' అనియే యర్థము. కాలక్రమమున జనులు మూలమును మరచి, 'ఫో' అనగా దొంగ, అసత్యము అని తలచి, అక్షరములను సైతము ఆ యర్థమునకు దగినట్లు మార్చి వ్రాసిరి. ముందు మనుష్యులను వెలుపల నుంచుట, పిమ్మట వారి ఊరు ఊరే కాదనుట!

వజ్రవర్తకుడైన తవేర్నియే గోలకొండ రాజ్యమునకు వచ్చి చూచినదియు నిదియే. 1676లో అచ్చయిన తన యాత్రాగ్రంథమున, మూసీ వంతెన కీవల క్రోసెడు పొడవున నొక శివారుపేట గలదనియు, వర్తకులు, దళారులు, పనివారు, సామాన్యజనమెల్ల నందే యుందురనియు, నగరమున రాజోద్యోగులు, న్యాయాధికారులు, సేనానులు మాత్రమే కాపురముందురనియు వ్రాసెను. పేటవారు పగలు పదింటికో పదునొకండింటికో నగరమునకు వచ్చి వ్యాపారము చేసికొని, సాయంకాలము నిద్రకు ఇండ్లకు మరలెడివారట. శామీరుపేట బస్సు నెక్కువారికి ఈ వర్ణన క్రొత్త గాదు.

అయినను ఫోబూరు గతి మారినది. 1789 జూలై 14న బాస్తీ కోటపై బడినవారిలో పెక్కురు సేంత్ ఆంత్వాన్ ఫోబూరు పనివారు. సేన్ జెర్మేన్ ఫోబూరన్ననో, ప్రభువంశములకే నివాసమయ్యెను. వెలుపలివాడు ధనమార్జించినను, గుంపుగూడి నిలిచినను, మాట యర్థమే తలక్రిందులయ్యెను.

మన 'వెలివాడ'ను జూడుడు. వెలి యనగా వెలుపల. మాటకు మాట అది ఫోబూరే. కాని దాని ప్రాకారము రాతితో గట్టినది గాదు, పుట్టుకతో గట్టినది. అందువలననే ధనమునకును అది తెరచుకొనలేదు. మచిలీపట్నమున నేటికిని పరాసుపేట, వలందపాలెము అను పేర్లున్నవి. ఫ్రెంచివారిని పరాసులనియు, డచ్చివారిని వలందులనియు మనవారు పిలిచిరి. సముద్రము దాటివచ్చిన పరదేశికి పేట దొరకెను. తరతరములుగా ఊరి పొలము దున్నినవానికి వెలివాడ దొరకెను. ఇంతకన్న సిగ్గుచేటు మాకు దోచదు.

అట్లని పరాసులను బొగడ నక్కరలేదు. పుదుచ్చేరిలో కాలువ కీవలావల 'తెల్ల నగరము', 'నల్ల నగరము' అని విభజించినది వారే. 1880 మార్చి 12 నాటి శాసనముచే తమ భారత స్థావరములలో 'కొమ్యూను'లను నెలకొల్పిరి. యానామును ఒక కొమ్యూనయ్యెను. కొమ్యూననగా ఉమ్మడిది. ఆ యుమ్మడి సభకు ఓటు వేయువారిని మాత్రము ఐరోపా సంతతివారు, దేశీయులు అని వేరువేరు జాబితాలలో వ్రాసిరి! పేరున కలిపినదానిని చిట్టాలో విడదీయుట పాలకులకు వాడుకయే.

1954 జూన్‌లో యానాము ఫ్రెంచివారి చేయి జారెను. 1962 ఆగస్టు 16న ఆ స్థావరములు చట్టప్రకారము భారతదేశమున జేరెను. ఆ జాబితాలును పోయినవి. మాట మాత్రము మిగిలినది: పుదుచ్చేరి, కారైకాలు పల్లెలలో స్థానిక పాలన నేటికిని 'కొమ్యూన్ పంచాయతీ' అను పేరుననే సాగుచున్నది.