మందుల భద్రతా పరిశోధనలో జీబ్రా చేప: పుట్టుపూర్వోత్తరాలు

మందుల భద్రతను పరీక్షించే ప్రయోగశాలల్లో నేడు ప్రపంచమంతటా స్థానం సంపాదించుకున్న జీబ్రా చేప భారత ఉపఖండపు వరిమడుల్లోనూ, నెమ్మదిగా పారే వాగుల్లోనూ పెరిగే జీవి. తల నుంచి తోక వరకు నీలి చారలతో, మూడు నాలుగు సెంటీమీటర్ల పొడవుండే ఈ చేపను ఈస్టిండియా కంపెనీ వైద్యుడు ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపలపై 1822లో వెలువరించిన గ్రంథంలో తొలిసారి వర్ణించాడు.

దీనిని జన్యుశాస్త్రానికి పనిముట్టుగా మలచినవాడు అమెరికాలోని ఆరెగాన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త జార్జ్ స్ట్రైసింగర్. వెన్నెముక గల జీవుల్లో జన్యువుల పనితీరును ఛేదించడానికి ఈ చేపను ఎంచుకున్న ఆయన, తల్లి జన్యువులతో మాత్రమే ఏకరూప సంతతిని పొందే పద్ధతిని 1981లో ప్రకటించాడు. 1996లో జర్మనీలోని ట్యూబింగెన్, అమెరికాలోని బోస్టన్ బృందాలు వేల సంఖ్యలో ఉత్పరివర్తనాలను, అంటే జన్యువుల్లో కలిగే మార్పులను, గుర్తించి ప్రచురించాయి. మానవ జన్యువుల్లో దాదాపు 70 శాతానికి సాటి జన్యువులు ఈ చేపలో ఉన్నాయని 2013లో వెలువడిన జన్యుపటం తేల్చింది.

ఔషధ పరీక్షకు ఈ చేప అక్కరకు రావడానికి ముఖ్య కారణం పిండం పారదర్శకంగా ఉండి, తల్లి దేహానికి వెలుపల నీటిలోనే ఎదగడం. ఫలదీకరణం జరిగిన దాదాపు ఒక రోజుకే దాని గుండె కొట్టుకోవడం మొదలవుతుంది కనుక, చిన్న గుంటలున్న పళ్లెంలో గుంటకొక పిండాన్ని ఉంచి, మందు కలిపిన నీరు పోసి సూక్ష్మదర్శినితో చూస్తే, గుండె వేగం తగ్గడం, తోక వంకరపోవడం వంటి మార్పులు ఏ కోతా అవసరం లేకుండానే కనిపిస్తాయి. గుండె ప్రతి స్పందన తరువాత విద్యుత్పరంగా తేరుకునేందుకు పట్టే కాలాన్ని కొన్ని మందులు పొడిగించి ప్రాణాపాయకరమైన లయభంగానికి దారితీస్తాయి. బోస్టన్ పరిశోధకులు 2003లో 100 మందులను పరీక్షించినప్పుడు, అటువంటి 23 మందుల్లో 22 చేప పిండం గుండె వేగాన్ని తగ్గించాయి.

గర్భస్థ శిశువుకు మందులు చేసే హానిని తెలుసుకోవడంలోనూ ఈ చేప తోడ్పడింది. 1950ల చివర గర్భిణులకు వేవిళ్ల ఉపశమనానికి ఇచ్చిన థాలిడోమైడ్ అనే మందు వేలాది మంది శిశువుల కాళ్లు చేతులు సరిగా ఎదగకుండా చేసింది. ఎలుకల పరీక్షల్లో ఆ దోషం బయటపడనే లేదు. ఆ మందు సెరెబ్లాన్ అనే ప్రోటీనును పట్టుకొని హాని చేస్తుందని జపాన్ శాస్త్రవేత్తలు 2010లో నిరూపించినప్పుడు, రెక్కలు సరిగా ఎదగని జీబ్రా చేప పిండాలు, కోడి పిండాలు కీలక సాక్ష్యంగా నిలిచాయి.

రసాయనాల విషప్రభావాన్ని 96 గంటల్లో ఈ పిండాలపై అంచనా వేసే పద్ధతిని 2013లో ఆర్థిక సహకార అభివృద్ధి సంస్థ ప్రామాణికంగా ఆమోదించింది. అయితే, జీబ్రా చేప ఊపిరితిత్తులు గాని, మాయ గాని లేని జీవి గనుకా, నీటిలోని మందు ఎంత మేరకు దేహంలోకి చేరిందో చెప్పడం కష్టం గనుకా, క్షీరదాలపై జరిపే పరీక్షలకు ఇది పూర్తి ప్రత్యామ్నాయం కాజాలదు. అయినా, హానికరమైన మందును మనుషులకు చేరక మునుపే, తక్కువ ఖర్చుతో, తక్కువ కాలంలో పసిగట్టే తొలి పరీక్షగా దీని విలువ తిరుగులేనిది.